రత్నం, ఇటు సూడు

“తెల్లగుడ్డేమైనా ఉందామ్మా నీ దగ్గర?” అని అడిగాడు, ఆ పొద్దుట నా తట్ట ముందు ఆగిన మొదటి మనిషి.

చేపలు కొనడానికి వచ్చినవాడికి గుడ్డెందుకో నాకు అర్థం కాలేదు. బీచ్‌రోడ్డు మీద నడకకు వచ్చే ఆసామి. మెడలో తెల్ల తువ్వాలుంది. నేను వెతుక్కునేలోపే ఆ తువ్వాలు కొస తీసి, వంగి, తట్టలో ఉన్న కానాగంత చేప మొప్ప ఎత్తి లోపల గట్టిగా తుడిచాడు. కొసను వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. ఎర్రటి మరక. రక్తం మరకలా లేదది. మిఠాయిల్లో కలిపే రంగులా ఉంది.

“వద్దులేమ్మా,” అని లేచాడు.

“ఏటి బాబూ, సేపన్నాక రగతం ఉండదేటి?” అని నా పక్క పీట మీంచి కాసులమ్మ అరిచింది. చేపలమ్మే మా వరసలో ఆమె మాటకు ఎదురు లేదు.

ఆయన కోపం తెచ్చుకోలేదు. జేబులోంచి ఫోన్ తీసి మా ముందు పట్టాడు. “చెబుతున్నది మీ పేట మనిషే కదా. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. మీరూ వినండి.”

వీడియోలో మొహం లేదు. రెండు చేతులు, ఒక కత్తిపీట, నీలం రంగు ప్లాస్టిక్ పళ్ళెం, అందులో ఒక చేప. పైన ఎవరో అక్షరాలు అతికించారు: ‘చేపలు కొనేముందు ఈ పెద్దమ్మ మాట వినండి. పదిమందికీ పంపండి.’ ఆ కింద గొంతు మొదలైంది.

“రత్నం, ఇటు సూడు. ముందు కన్ను సూడు. మెరవాల. గుంటపడిపోయినాదనుకో, ఒగ్గీయి. ఇప్పుడు ఏలుతో నొక్కు. సొట్ట అలగే ఉండిపోతే అది మొన్నటిది. మొప్పలెత్తు. ఎర్రగున్నాదని మురిసిపోకే గుంటా, తెల్లగుడ్డెట్టి తుడు. ఎరుపు గుడ్డకంటితే ఆడు రంగేసినట్టు...”

నా పేరు కనకరత్నం. పేటలో అందరికీ రత్నాన్నే. ఆ గొంతు మా అత్త దేముడమ్మది.

ఫోన్‌లో గొంతు ఆగేసరికి వరస వరసంతా నా వైపు చూస్తోంది. అత్త నాకు ఇవతలి పీట మీదే కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. కవళ్ళ మీద నీళ్ళు చల్లుతూనే ఉంది.

అవి వేట ఆపేసే రోజులు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా ఇంజను బోటేదీ సముద్రంలోకి వెళ్ళకూడదు. జాలరిపేట ఒడ్డున బోట్లన్నీ ఇసకెక్కి ఎండుతుంటాయి. ఏదో ఒకటీ అరా తెప్ప వేసుకెళ్ళి తెచ్చే నెత్తళ్ళు, కవళ్ళలాంటి చిన్న చేపలు ఎవరికీ చాలవు. మిగతాదంతా వ్యాపారి దాలయ్య తెప్పించే పెట్టెలే. తెల్లటి థర్మాకోల్ పెట్టెలు, ఐసు మధ్య చేపలు, ఏ ఊరి నుంచి వస్తాయో, ఎన్నాళ్ళ కిందట పట్టారో మేం అడగం. ఆయన చెప్పడు. ఆ రోజుల్లో మా వరసలో ఆడవాళ్ళందరి పొయ్యీ వెలిగేది ఆ పెట్టెల మీదే.

నాకా వీడియో కొత్తది కాదు. మూడేళ్ళ కిందట నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో తీసింది. మాది గజపతినగరం దగ్గర పల్లె, వేరుశనగలు పండించే ఇల్లు. ద్వారకా నగర్ బట్టల షాపులో పని చేస్తూ, బస్ కాంప్లెక్స్ దగ్గర ఆటో నడిపే సాయిశంకర్‌ని చేసుకున్నాను. నాకు చేపల్లో కోనాం ఏదో, చందువ ఏదో కూడా తెలిసేది కాదు. అత్త నన్ను పెరట్లో కూర్చోబెట్టి నేర్పుతుంటే, మళ్ళీ మళ్ళీ చూసుకుంటుందిలే అని సాయి ఫోన్‌లో పట్టాడు. మా ఇంటి గ్రూపులో పెట్టాడు. అందులో ఉన్నది ఐదుగురం: అత్త, మా బావగారు పోలిరాజు, ఆయన భార్య ధనలక్ష్మి, సాయి, నేను. మా పెరట్లో పుట్టిన మాటలు ఆ ఐదు ఫోన్లు దాటి ఊళ్ళోకి ఎలా పోయాయి?

ఆ రోజు మధ్యాహ్నానికి ఇంకో నలుగురు గుడ్డలు పట్టుకొచ్చారు. ఒకావిడ చేతిరుమాలు, ఒకాయన టిష్యూ కాగితం. తుడవడం, చూడడం, లేచిపోవడం. సాయంత్రం పెట్టెలు వెనక్కి మోస్తుంటే కాసులమ్మ అత్తతో అంది, నాకు వినపడేలా:

“నీ సేతులే గదే దేముడమ్మా. నీ నోరే. కోడలికి నేర్పినావు, తప్పు నేదు. కోడలు ఊరికి సాటినాది.”

అత్త ఏదో ఒకటి అంటుందని చూశాను. తట్ట నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది.

*

ఆ సాయంత్రం మా ఇంట్లో ఐదు ఫోన్లూ బయటికొచ్చాయి. ఎవరూ ఎవరినీ నేరుగా అడగలేదు. బావగారు తన ఫోన్ తనే తిప్పి చూసుకుని, “నాను కాదు,” అన్నారు. ధనలక్ష్మి అప్ప పప్పు తాలింపు వేస్తూ, “నాకు రీసార్జే నేదు,” అంది. ఆ తర్వాత కాసేపాగి, గోడతో చెబుతున్నట్టు, “పేట పిల్లయితే పేట పరువు తెలుస్తాది,” అంది.

సాయి అన్నం తింటూ నా వైపు చూశాడు. “నీ బట్టల సాపు నేస్తాలకేమైనా పంపినావేటి?”

“నానెందుకు పంపుతాను?”

“ఎందుకంటే, పనికొచ్చే ముక్క గదా. పంపుంటావు.”

నా అనుమానం ఆయన మీదే. ఆయనకున్నన్ని గ్రూపులు పేటలో ఎవరికీ లేవు. ఆటో డ్రైవర్లది, రక్తదానం వాళ్ళది, ఎక్కడ పోలీసులు బండ్లు ఆపుతున్నారో చెప్పుకునేది. ఎక్కడ ఏది మంచిదనిపిస్తే అది అప్పటికప్పుడు ఇంకోచోట పెట్టేస్తాడు. నలుగురికీ పనికొస్తాదని అంటాడు. ఆ మంచితనమే నాకు భయం.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ తీసి చూశాను. గ్రూపు తర్వాత గ్రూపు వెనక్కి జరుపుకుంటూ పోయాను. వీడియో మూడుచోట్ల కనబడింది, మూడుచోట్లా ఇంకెవరో పెట్టిందే. ఎక్కడ చూసినా ‘ఫార్వర్డ్’ అనే ఉంది, అది ఎవరి దగ్గర బయల్దేరిందో మాత్రం ఎక్కడా లేదు. ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే ఆయన తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“దొరికిందేటి?” అన్నాడు.

“నేదు.”

“నాకూ నేదు,” అన్నాడు. అంటే రాత్రి నేను పడుకున్నాక ఆయనా నా ఫోన్ చూశాడన్నమాట.

పెళ్ళయ్యాక మేం పోట్లాడుకున్న రోజులున్నాయి గానీ, అలా నిలబడి ఒకరినొకరు చూసుకున్న రోజు లేదు. పోట్లాడుకునుంటే బాగుండేది.

*

ఆ తర్వాత వరసలో నా రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. తిట్టినవాళ్ళు తక్కువ. నేను వెళ్ళేసరికి నా పీట జరిపి, వరస చివర, మురుగుకాలవ పక్కన వేసి ఉండేది. ఐసు అడిగితే అయిపోయిందనేవారు. బకెట్టు నీళ్ళు అడిగితే, “వీడియో తీస్తావేటి?” అని నవ్వేవారు. దాలయ్య పొద్దున్నే పెట్టెలు దింపి, అందరికీ పంచి, నా దగ్గరికి వచ్చేసరికి చేతులు దులుపుకునేవాడు.

“నీకెందుకమ్మా నా సేపలు? నువ్వు ఊరికి పాఠాలు సెప్పుకుంతన్నావు గదా.”

అత్త తన వాటాలోంచి సగం తీసి నా తట్టలో పోసేది. ఆమె నా మీద జాలిపడుతోందనుకున్నాను. వరసంతా ఆమె మీద జాలిపడుతోంది. నమ్మి నేర్పితే కోడలు కొంప ముంచిందని.

వచ్చే జనం మాత్రం ఆగలేదు. వాళ్ళతో వచ్చింది ఇంకో చిక్కు. నా పేరు పట్టుకుని వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు.

“ఇక్కడ రత్నం అంటే ఎవరండీ?”

కాసులమ్మ గడ్డంతో నన్ను చూపించేది. వాళ్ళు అందరినీ దాటుకుని, మురుగుకాలవ పక్కనున్న నా ముందు కూర్చునేవారు. ఒక రోజు చంకన పిల్లతో ఒకమ్మాయి వచ్చింది. సన్నగా ఉంది, కళ్ళకింద నలుపు. “మీ అత్తగారి వీడియో చూశాకే ధైర్యమొచ్చింది అక్కా. దీనికి మెత్తటి చేప పెట్టమన్నారు డాక్టరు. మీ దగ్గరైతే చూసుకోనక్కర్లేదు కదా, మీరే తీసివ్వండి,” అంది.

నా తట్టలో ఉన్నవి దాలయ్య పెట్టె చేపలే. నాకు వాటి కళ్ళు కనబడుతున్నాయి. వరసంతా చెవులు నా వైపు వేసి ఉంది. ఆ పిల్ల నా గాజులు పట్టుకుని లాగుతోంది.

“నెత్తళ్ళు తీసుకో అమ్మా,” అన్నాను చివరికి. “అదిగో, మా అత్త తట్టలో ఉన్నాయి, పొద్దున్న తెప్పమీద వచ్చినయ్యి. నా కాడ ఈయాల పిల్లకెట్టేవి నేవు.”

ఆ అమ్మాయి అత్త దగ్గరికి వెళ్ళి నెత్తళ్ళు కొనుక్కుని పోయింది. నా మాట వరసలో ఎవరికీ వినపడకుండా పోలేదు. కాసులమ్మ పీట మీంచి లేచి వచ్చి నా ముందు నిలబడింది. తిట్టలేదు. గొంతు తగ్గించి అంది:

“ఆదివారం సాయంకాలం పెద్దలు కూకుంటారు. మీ ఆయన్నీ రమ్మను.”

*

ఆదివారానికి ఇంకా రెండు రోజులున్నాయనగా, మధ్యాహ్నం అత్త స్నానానికి వెళ్ళింది. ఆమె ఫోన్ మంచం మీద మోగింది. ఆమెకు పేర్లు చదవడం రాదు కాబట్టి ప్రతి నంబరుకూ సాయి ఒక ఫోటో పెట్టి ఇచ్చాడు. తెర మీద మందార పువ్వు కనబడింది. కామేశ్వరిగారు. చాలా ఏళ్ళు మా పేటకు దగ్గర్లోనే ఉండి, వారానికి రెండుసార్లు అత్త దగ్గరే చేపలు కొనుక్కున్న మనిషి. గోదావరి జిల్లా వాళ్ళు. భర్తకు స్టీల్‌ప్లాంట్ ఉద్యోగం. ఆ ఏడాది మొదట్లో క్వార్టర్ దొరికితే ఉక్కునగరం వెళ్ళిపోయారు. నేను ఫోన్ ఎత్తాను.

“దేముడమ్మా! ఎన్నిసార్లు చేసినా ఎత్తవేంటి?”

“అత్త తానానికెల్లినాదండి. నాను కోడల్ని.”

“రత్నానివా! ఏమ్మా, మా క్వార్టర్లలో నీ పేరు తెలియనివాళ్ళు లేరు తెలుసా?” ఆవిడ పకపకా నవ్వింది. “ఇక్కడికొచ్చిన కొత్తలో మార్కెట్లో చేపలు కొంటే మావాడికి ఒకటే వాంతులు. మీ అత్తకు ఫోన్ చేసి ఏడ్చాననుకో. ‘ఎలా చూసుకోవాలే తల్లీ నాకు తెలిసి చావదు’ అన్నాను. మర్నాడు ఆ వీడియో పంపింది. దేవుడి బొమ్మలు పంపుతుంది కదా రోజూ, దాని వెనకే ఇదీ వచ్చింది. ఇంత మంచిది నేనొక్కదాన్నే చూసుకుంటే ఏం బాగుంటుంది? మా లేడీస్ గ్రూపులో పెట్టాను. అంతే, ఇంక చూడు! మా ఆడపడుచుకి హైదరాబాద్ నుంచి ఎవరో పంపారట!”

నేను మంచం మీద కూర్చున్నాను. ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది. “ఎప్పుడన్నా చేపలు పట్టుకుని ఇటు రండమ్మా, ఎంత తెచ్చినా అమ్ముడైపోతాయి,” అంటోంది. నేను ఆఁ ఊఁ అంటున్నాను.

అత్త తలకు తువ్వాలు చుట్టుకుని లోపలికి వచ్చింది.

“ఎవులే ఫోను?”

“కామేశ్వరమ్మగారు.”

తువ్వాలు ముడి వేస్తున్న చెయ్యి ఆగింది. “ఏటన్నాది?”

“మరల సేత్తానన్నాది,” అన్నాను.

నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని నాకు తెలుసు. బయట ఎవరో పిల్లాణ్ణి కేకేస్తున్నారు. అత్త వంటింట్లోకి వెళ్ళి, అన్నం వార్చింది.

సాయితో చెప్పేద్దామని ఆ సాయంత్రం నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. చెబితే నమ్మడు. మా అమ్మకు చదువే రాదు, తప్పించుకోడానికి ముసల్దాని మీద పెడుతున్నావంటాడు. అదొక్కటే కాదు. ఆమె ఏం చేస్తుందో చూడాలని నాలో ఒక పట్టుదల పుట్టింది. ఇన్ని రోజులూ అదే వరసలో ఉండి, నన్నంటుంటే విని, నీళ్ళు చల్లుకుంటూ కూర్చున్న మనిషి ఆదివారం ఏం చేస్తుంది?

*

వలలు కుట్టుకునే పాకలో కూర్చున్నారు పెద్దలు. ఎండ తగ్గింది గానీ ఇసక ఇంకా కాలుతోంది. పేట పెద్ద ఎల్లాజీ మధ్యలో, ప్లాస్టిక్ కుర్చీలో. ఆయన ముందు స్టూలు మీద అమ్మవారి పటం, దీపం. ఆడవాళ్ళంతా ఒక పక్క కింద కూర్చున్నారు. దాలయ్య నిలబడే ఉన్నాడు.

“ఈ గుంట పేట కడుపు కొట్టినాది,” అని మొదలుపెట్టాడు. “బందు రోజుల్లో నాను పెట్టెలు తేకపోతే మీరేటి తింటారు? సెప్పండి. నా పెట్టెలిప్పుడు ఎవుడూ ముట్టుకోడం నేదు.”

కాసులమ్మ లేచింది. ఆమె గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువుంది. “దీని మీద నాకు పగేటీ నేదు బావా. మూడేళ్ళు మా మద్దిన కూకున్నాది. మా సెంబులో నీళ్ళు తాగినాది. మాకు సెప్పకుండా ఇలగ సేసినాదనే.”

సాయి మగవాళ్ళలో కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు. నా పక్షాన ఒక్క మాట అంటాడని చూశాను.

ఎల్లాజీ నన్ను పిలిచాడు. మంచి మనిషే ఆయన, మెల్లగానే అడిగాడు. “రత్నమ్మా, నువ్వు సేసుంటే సేసినానను. తప్పు కాసుకుని ఒగ్గేస్తాం. సెయ్యనేదంటే అమ్మోరి దీపం మీద సెయ్యెట్టి పెమానం సెయ్యి.”

నాకు భయమేముంది? నేను చెయ్యలేదు. లేచి ఆడవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని స్టూలు దగ్గరికి వెళ్ళాను. ప్రమాణం చేశాక, మరి ఎవరు చేశారో నీకు తెలుసా అని అడుగుతారు. అప్పుడు దీపం మీద చెయ్యి ఉండగా ఏం చెప్పాలి? చెయ్యి చాపాను. వేడి తగులుతోంది.

“దానికెందుకు బావా పెమానం,” అంది వెనక నుంచి అత్త. “పంపింది నాను.”

గట్టిగా అనలేదు. కూరలోకి ఉప్పు తెమ్మన్నట్టు అంది. సగం మందికి వినపడలేదు కూడా. వినపడ్డవాళ్ళు నవ్వారు.

“కోడల్ని కాసుకోడానికి అబద్దాలాడకే అత్తా,” అన్నాడు దాలయ్య. “నీకు నీ పేరే రాయడం రాదు, నువ్వేటి పంపుతావు?”

“రోజూ పొద్దున్నే మీకు దేముడు బొమ్మలు ఎవులు పంపుతన్నారు?” అంది అత్త.

కొంగు ముడి విప్పి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోన్ తీసింది. కవరు విప్పింది. మొహానికి దగ్గరగా పెట్టుకుని, వేలు తడి చేసుకుని పైకీ కిందికీ జరిపింది. ఎల్లాజీ జేబులో టింగుమంది. తర్వాత కాసులమ్మ ఒళ్ళో. ఆ తర్వాత దాలయ్య చేతిలోనే. పాకలో ఆ మూలా ఈ మూలా టింగు టింగుమని మోగుతూనే ఉంది. ఎవరో తెరిచినట్టున్నారు. “రత్నం, ఇటు సూడు,” అని ఆమె గొంతు ఆమెకే వినపడింది.

“దీనికి సదువెందుకు,” అంది అత్త. “వంకర బాణం ఉంటాది. అది నొక్కి బొమ్మ నొక్కితే ఎల్లిపోద్ది. కామేశ్వరమ్మ పిల్లడు మంచాన పడ్డాడని ఏడిస్తే పంపినాను. ఉక్కునగరంలో ఉంటాది గదా ఆమె, ఉక్కునగరం ఎక్కడ, మన పేట ఎక్కడ. అక్కడి సేపలు అక్కడ సూసుకుంటాది, మన కాడికెలాగొస్తాది అనుకున్నాను.”

కాసులమ్మ తన ఫోన్ వైపే చూస్తోంది. ఎల్లాజీ చాలాసేపు గడ్డం రాసుకున్నాడు.

“మరి ఇన్నాళ్ళూ మాటాడనేదేటి దేముడమ్మా? ఆ పిల్లనంతలేసి మాటలంటంటే?”

అత్త ఫోన్ మళ్ళీ కవరులో చుట్టడం మొదలుపెట్టింది.

చివర్న కూర్చున్న ముసలావిడ ఒకతె, “ఔను గాని దాలయ్యా, రంగేసిన మాట నిజమేటి?” అని అడిగింది. “ఆ సంగతి తరవాత మాటాడుకుందాం,” అన్నాడు ఎల్లాజీ. తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

అమ్మవారి పండగ వచ్చి వెళ్ళేదాకా దేముడమ్మ వరసలో కూర్చోకూడదన్నారు. నన్ను కూర్చోమన్నారు. కాసులమ్మ తనే వచ్చి, “నీ పీట నా పక్కనేత్తాను రేపు,” అని నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీసేయాలనిపించింది. తియ్యలేదు.

ఇంటికి నడుస్తున్నప్పుడు సాయి వాళ్ళమ్మ పక్కన నడిచాడు, ఆమె చెయ్యి పట్టుకుని. నేను వెనక వచ్చాను. ఆ రాత్రి ఆయన, “ఏటో, అంతా అలగైపోయినాది,” అన్నాడు. నాకు దక్కిన క్షమాపణ అదే.

*

జూన్ మధ్యలో బోట్లు మళ్ళీ నీళ్ళెక్కాయి. మొదటి వేట దిగిన పొద్దుట పేటంతా ఒడ్డునే ఉంది. కానాగంతలు, గులివిందలు, కోనాలు, ఇంకా తోకలు కొట్టుకుంటూనే ఉన్నాయి. వరసలో కాసులమ్మ గొంతు రోడ్డు దాకా వినపడుతోంది. “రండమ్మా రండి! ఈడియోలో సెప్పినట్టు సూసుకోండి! తెల్లగుడ్డ నానే ఇత్తాను!” పక్కవాళ్ళూ అందుకున్నారు. ఎవరి తట్ట పక్కన చూసినా మడత పెట్టిన తెల్లగుడ్డ.

నేను ఆ పీట మీద కూర్చోలేదు. సభ అయిన మర్నాటి నుంచే కూర్చోలేదు. కామేశ్వరిగారికి ఫోన్ చేసి, బోట్లు తిరగ్గానే వస్తానని చెప్పాను. ఆవిడ తన గ్రూపులో పెట్టింది. సాయి ఆటోలో వారానికి మూడు రోజులు ఉక్కునగరం గేటు దాకా పెట్టె తీసుకెళ్ళాలని అనుకున్నాం. సాయి వెంటనే ఒప్పుకున్నాడు. బహుశా అది కూడా ఆయన క్షమాపణలో భాగమేనేమో.

వరసలో కూర్చోవద్దన్నారు గానీ ఒడ్డుకు రావద్దనలేదు కదా అని, ఆ పొద్దుట అత్త నాతో వచ్చింది. బోటు పక్కన మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఒక్కొక్క చేపా తీసి చూసి నా పెట్టెలో వేస్తోంది. చుట్టూ వేలంపాట కేకలు. మమ్మల్ని పట్టించుకునేవాళ్ళు ఎవరూ లేరు. అన్ని రోజులూ అడగనిది అప్పుడడిగాను.

“ఎందుకు సెప్పనేదు అత్తా? కాసులమ్మ మొదటి రోజు అన్నప్పుడే?”

ఆమె ఒక చందువను తిరగేసి చూసింది. పెట్టెలో వేసింది. తెలియక ఊరుకున్నానంటుందనుకున్నాను. భయమేసిందంటుందనుకున్నాను. ఏడుస్తుందేమోనని కూడా అనుకున్నాను.

“నువ్వు పై ఊరి నుండి వచ్చిన పిల్లవి,” అంది. “పేట నిన్నొగ్గేస్తే మీ అమ్మోలున్నారు. మీ ఊరున్నాది, సేనున్నాది. నన్నొగ్గేస్తే నానెక్కడికెల్తాను? అలగనుకున్నాను. నీ కాడ అబద్దమాడను.”

“మరి ఆదివారం ఎందుకు సెప్పినావు?”

“దీపం మీద నీ సెయ్యి సూసినాను,” అంది.

అల వచ్చి ఇద్దరి కాళ్ళకింద ఇసక లాక్కుపోయింది. నేను బోటు అంచు పట్టుకున్నాను. ఆమె నన్ను పట్టుకుంది. మూడేళ్ళు ఆమె పెట్టిన కూడు తిన్నాను, ఆమె కాళ్ళు పట్టాను, ఆమె మాట, ఆమె చేతిపని నేర్చుకున్నాను. ఇంటి మనిషినైపోయాననుకున్నాను. ఆమె లెక్కలో నాకింకా వెనక్కి వెళ్ళే ఊరుంది. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆమె చెప్పింది నిజం కాదని అనలేకపోయాను. ఆమెకు నిజంగానే ఇంకో చోటు లేదు.

పెట్టె నిండింది. మూత వేసి, చెరో పక్కా పట్టుకుని, ఇసకలో అడుగులు కూరుకుపోతుంటే ఆటో దాకా మోసుకొచ్చాం. సాయి దిగి అందుకున్నాడు.

“ఏటంటన్నాది అమ్మ?” అని అడిగాడు, ఆటో కదిలించాక, అద్దంలో నన్ను చూస్తూ. మమ్మల్ని దూరం నుంచి చూస్తూనే ఉన్నట్టున్నాడు.

“ఏటీ నేదు. సేపలు బాగున్నాయంట.”

ఆయన ఇంకోసారి అద్దంలో చూశాడు. నమ్మలేదు.

ఆటో బీచ్‌రోడ్డు ఎక్కుతుంటే వెనక్కి తిరిగి చూశాను. అత్త అక్కడే నిలబడి ఉంది, తడిసిన చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పిండుకుంటూ, మా వైపే చూస్తూ. చెయ్యి ఊపాలో వద్దో నేను తేల్చుకునేలోపే ఆటో మలుపు తిరిగింది.